“సార్‌ని పిలవండి” – ఇంట్లో కొత్త నెట్ పెట్టించుకున్న నా అనుభవం

నిన్న సాయంత్రం మేడ మీద గదిలో ఫోన్‌లో నెట్ స్పీడ్ చూస్తే 187 ఎంబీపీఎస్ వచ్చింది. మూడు వారాల టెన్షన్ అక్కడితో తీరింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది గుంటూరు బ్రాడీపేటలో పాత ఇల్లు. కింద మూడు గదులు, పైన ఒకటి. నేను హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ చేస్తాను, పనంతా పై గదిలోనే. ఇన్నాళ్లూ కేబుల్ టీవీ ఆయన ఇచ్చిన నెట్‌తో నెట్టుకొచ్చాం. వాన చినుకు పడితే పోయేది. మొన్న టీమ్ మీటింగ్ మధ్యలో మూడుసార్లు కట్ అయ్యేసరికి ఇక మార్చాల్సిందే అనుకున్నాను.

కంపెనీని ఎంచుకోవడం ఒక్క పూటలో అయిపోయింది. ప్రకటనలేవీ చూడలేదు. మా స్తంభం నుంచే తీగ వెళ్లే ఐదారు ఇళ్లకు వెళ్లి రెండే ప్రశ్నలు అడిగాను: పోయిన వానాకాలంలో ఎన్ని రోజులు నెట్ లేదు, ఫోన్ చేస్తే ఎన్ని గంటలకు మనిషి వచ్చాడు? ఊరంతా పేరున్న కంపెనీ అయినా మన వీధి లైన్‌మన్ మంచివాడు కాకపోతే అంతే సంగతులు. 200 ఎంబీపీఎస్ ప్లాన్ నెలకు 699, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఆరు నెలలకు కలిపి 4,949 నా కార్డు మీదే కట్టాను. ఆధార్ నాది, కనెక్షన్ నా పేరు మీద. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మర్నాడే కుర్రాడు వచ్చాడు. కిటికీ పక్క నుంచి ఫైబర్ లాగి, గోడకు తెల్ల డబ్బా బిగించి, టీవీ వెనక రౌటర్ పెట్టి, రెండింటి మధ్య చిన్న కేబుల్ ముక్క కత్తిరించి అక్కడికక్కడే రెండు చివర్లా ప్లాస్టిక్ క్లిప్పులు కొట్టి వెళ్లిపోయాడు. పావుగంట పని.

రౌటర్ పక్కనే నిలబడి చూస్తే 94. మళ్లీ చూస్తే 94. పొద్దున, అర్ధరాత్రి, ఎప్పుడు చూసినా 94 దాటదు. పై గదిలో అయితే 6, ఒక్కోసారి అదీ లేదు.

కంప్లైంట్ పెట్టాను. మనిషి రాకుండానే “మీ సమస్య పరిష్కరించబడింది” అని మెసేజ్ వచ్చింది. మళ్లీ పెడితే ఆ కుర్రాడే వచ్చి, “వైఫై అంటే ఇంతే మేడమ్, గోడలు అడ్డం. 2,500 పెట్టి ఎక్స్‌టెండర్ (వైఫైని దూరం పంపే డబ్బా) కొనండి” అని, క్లోజ్ చేయడానికి ఓటీపీ చెప్పమన్నాడు. పై గదికి గోడలు అడ్డమంటే ఒప్పుకుంటాను. రౌటర్ పక్కన నిలబడితే అడ్డం ఏముంది? ఓటీపీ చెప్పలేదు. మీరూ చెప్పకండి. పని అవ్వకముందు ఓటీపీ ఇస్తే కంప్లైంట్ మూసేస్తారు, మనిషి మళ్లీ కనపడడు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, కేబుల్ పెట్టి చూసినా 94 దగ్గరే ఆగుతోందని చెబుతుంటే అవతల అబ్బాయి మధ్యలోనే ఆపి, “ఇంట్లో సార్ ఉన్నారా? సార్‌కి ఇవ్వండి, ఆయనతో మాట్లాడతాను” అన్నాడు. పెట్టేశాను.

శనివారం అత్తయ్యను గుడి దగ్గర దింపి ఆ నెట్ కంపెనీ ఆఫీసుకే వెళ్లాను. కౌంటర్ ముందు పది మంది ఉన్నారు. స్పీడ్ టెస్టులు ఏ టైముకు ఎంతో కాగితం మీద రాసుకుని తీసుకెళ్లాను. కౌంటర్‌లో ఆయన ఆ కాగితం చేతిలోకి కూడా తీసుకోలేదు. “ఇవన్నీ మీకు అర్థం కావు మేడమ్. మీ ల్యాప్‌టాప్‌లో ప్రాబ్లం. సోమవారం సార్‌ని పంపించండి” అన్నాడు. వెనకాల ఎవరో నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. పన్నెండేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుని సంపాదిస్తున్న మనిషిని, డబ్బు కట్టిన మనిషిని, పది మందిలో నిలబెట్టి నీకు అర్థం కాదన్నాడు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన ఒక్కటే అన్నారు: “నాకు రౌటర్ ఆన్ చేయడమే తెలుసు. నువ్వే చూడు.”

చూశాను. ఆ రాత్రే రౌటర్ సెట్టింగ్స్ తెరిచాను. అడ్రస్, పాస్‌వర్డ్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీదే ఉంటాయి. ఇంటర్నెట్ వచ్చే పోర్టు (కేబుల్ గుచ్చే చోటు) దగ్గర “100 ఎంబీపీఎస్” అని ఉంది. 1000 ఉండాలి. ఆ కుర్రాడు కొట్టిన కేబుల్ ముక్క పీకి టార్చి వెలుతురులో పట్టుకున్నాను. పారదర్శకమైన క్లిప్పు కాబట్టి లోపల ఎనిమిది తీగలూ కనిపిస్తాయి. నారింజ, ఆకుపచ్చ, నీలం తీగలు చివరిదాకా వచ్చి రాగి మెరుస్తోంది. గోధుమ రంగు జత మాత్రం సగంలోనే ఆగిపోయింది, రాగి పిన్నులకు తగల్లేదు. వెయ్యి స్పీడ్ పోవాలంటే ఎనిమిది తీగలూ తగలాలి. ఇలా గోధుమ జత తగలకపోతే మిగతా వాటిలో నాలుగు తీగల మీదే నడిచి వందకు దిగిపోతుంది. ఆ వందలో కూడా డేటా ముక్కల (ప్యాకెట్ల) మీద రాసే అడ్రసుల్లాంటి వాటికి కొంత పోయి మనకు అందేది 94 చిల్లర. నేను పనిచేసే హైదరాబాద్ కంపెనీ నాకు ల్యాప్‌టాప్‌తో పంపిన కేబుల్ తీసి దాని బదులు పెట్టాను. 203. రాత్రి పన్నెండున్నరకు అత్తయ్యను లేపి మరీ చూపించాను.

సోమవారం ఆ క్లిప్పు, రెండు ఫోటోలు పట్టుకుని అదే కౌంటర్‌కు వెళ్లాను. ఆయన చూసి ఏమీ మాట్లాడలేదు. నేను మాత్రం గట్టిగానే అడిగాను, నా డాకెట్ నంబర్ల (ఫిర్యాదు నంబర్ల) కింద ఏం రాసి మూసేశారో చూపించమని. టెలికాం కంపెనీలను నియంత్రించే ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు ఇవ్వాలి. తేలకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీకి, అంటే అప్పీళ్లు వినే పై అధికారికి, పైసా కట్టకుండా అప్పీలు చేసుకోవచ్చు. ఆ పేరు ఎత్తగానే లోపలి నుంచి సూపర్‌వైజర్ వచ్చి కుర్చీ వేశాడు. అడిగితే పదిహేను రోజులు వ్యాలిడిటీ కూడా పెంచారు.

ఇక పై గది. టీవీ వెనక నుంచి రౌటర్ తీసి మెట్ల దగ్గర ఎత్తులో పెట్టాం. బీరువా పక్కన, టీవీ వెనక పెట్టకండి, ఇనుము సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. వైఫై రెండు రకాల తరంగాల మీద వస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌కు స్పీడ్ ఎక్కువ కానీ గోడ దాటితే పడిపోతుంది. 2.4 దూరం పోతుంది, కానీ ఇళ్లు ఆనుకుని ఉన్న మా వీధిలో అందరి వైఫైలూ దాని మీదే కొట్టుకుంటాయి. మా స్లాబు దాటి 5 బలంగా పైకి రాలేదు. ఎక్స్‌టెండర్ కొనలేదు. అది బలహీనమైన సిగ్నల్‌ను పట్టుకుని మళ్లీ గాల్లోనే వదులుతుంది, స్పీడ్ చాలాసార్లు సగానికి పడిపోతుంది. రెండు వేల చిల్లర పెట్టి ఇంకో రౌటర్ కొని, మెట్ల పక్క నుంచి ఇరవై మీటర్ల కేబుల్ పైకి లాగించాను. పై రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు అడ్రసులు పంచే పని, అది కింది రౌటరే చేస్తుంది) ఆపేసి, కేబుల్‌ను ఇంటర్నెట్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో పెట్టి, కింది వైఫై పేరు, పాస్‌వర్డే ఇచ్చాను. కేబుల్ టీవీ రోజుల నాటి పాత రౌటర్ పెడదామనుకున్నాను గానీ దాని పోర్టులు వందవే, మళ్లీ 94 దగ్గరే ఆగేది. కొనేటప్పుడు గిగాబిట్ (వెయ్యి ఎంబీపీఎస్) పోర్టులని అట్ట మీద రాసి ఉందో లేదో చూసుకోండి.

నిన్న ఆ కుర్రాడు వచ్చి కొత్త క్లిప్పులు కొట్టాడు. ఎనిమిది తీగలూ నేను చూశాకే బిగించమన్నాను. పైకెళ్లి స్పీడ్ చూసుకుని కిందికి వచ్చాను. “మేడమ్, ఓటీపీ...” అన్నాడు. ఈసారి చెప్పాను.