గుడిమల్లంలో వేటగాడి వేషంలో శివుడు

తిరుమల దర్శనం అయ్యాక అందరిలాగే మేమూ కాళహస్తికి కారు మాట్లాడుకున్నాం. రేణిగుంట దాటాక మాత్రం పాపానాయుడుపేట మీదుగా గుడిమల్లం పోనివ్వమన్నాను. "రాహుకేతు పూజకు లేటవుతుంది సార్" అని డ్రైవరు నసిగాడు. పాపానాయుడుపేట ఒకప్పుడు గాజుపూసల తయారీకి పేరుపడ్డ ఊరు. అక్కడ ఆగే తీరిక లేకపోయింది.

గుడిమల్లం స్వర్ణముఖి ఒడ్డున పొలాల మధ్య చిన్న ఊరు. పరశురామేశ్వరుడి గుడి కూడా చిన్నదే. గర్భగుడి ముందున్న మండపం కంటే పల్లంలో ఉంటుంది. పూజారి హారతి బాగా కిందికి దించి, "ముందు పాదాల దగ్గర చూడండి సామీ" అన్నారు. కళ్ళు తెరుచుకుని నోరు సాగదీసి నవ్వుతున్న యక్షుడు కనిపించాడు, చతికిలబడి. అతని భుజాల మీద నిలబడి శివుడు. కుడిచేత్తో పొట్టేలును వెనక కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశాడు, ఎడమచేతిలో చిన్న చెంబు, భుజాన గండ్రగొడ్డలి. చెవులకు బరువైన కుండలాలు. జంధ్యం లేదు. ఇదంతా అయిదడుగుల లింగం ముందుభాగంలోనే చెక్కారు. నాకైతే వేట ముగించుకుని ఊళ్ళోకి వచ్చిన మనిషిలాగే ఉన్నాడు.

పూజారి చెప్పిన కథ వేరు. తల్లిని చంపిన పాపం పోగొట్టుకోవడానికి పరశురాముడు ఇక్కడ లింగాన్ని పూజిస్తూ, కాపలాకు చిత్రసేనుడనే యక్షుణ్ణి పెట్టాడట. ఒకరోజు యక్షుడే ముందు పూజ చేసేయడంతో ఇద్దరికీ ఏళ్ళ తరబడి యుద్ధం. ఆ తొక్కిడికే ఇంత పల్లమైందట!

ఈ లింగం సంగతి 20వ శతాబ్దం మొదట్లో పురావస్తు పరిశోధకుడు టి.ఎ. గోపీనాథరావు రాతలతో పండితులకు తెలిసింది. క్రీస్తుకు పూర్వానిదని చాలామంది అంటారు, కాదనేవాళ్ళూ ఉన్నారు. 1973లో పురావస్తు శాఖ తవ్వినప్పుడు లింగం చుట్టూ చదరపు రాతి కంచె, ఇంకా పాత ఇటుక కట్టడం, నలుపు ఎరుపు కుండపెంకులు బయటపడ్డాయి. అంటే మొదట లింగం ఆరుబయటే ఉండి ఉండాలి. ఆ కుండల్లో వండుకు తిన్నవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. గోడల మీద ఉన్నవన్నీ తర్వాత వచ్చిన పల్లవుల, బాణుల, చోళుల కాలం శాసనాలు. వాటిలో ఊరి పేరు కూడా వేరే, తిరువిప్పరంబేడు.

ప్రదక్షిణ చేస్తుంటే గర్భగుడి మీది విమానం (గోపురం) వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగి కనబడుతుంది. ముందునుంచి చూసి వెళ్ళిపోయేవాళ్ళకు ఇది తెలియదు.

బయట అరుగు మీద కూర్చున్న పెద్దాయన్ని, "తాతా, గుడిలోకి నీళ్ళొస్తాయంట గదా?" అని అడిగాను. 2005 డిసెంబరులో భూమిలోంచి నీళ్ళు ఊరి లింగం దాకా వచ్చాయని చెప్పాడు. అరవై ఏళ్ళకోసారి అలా వస్తాయని ఊళ్ళో నమ్మకం. "మళ్ళీ వచ్చేటప్పటికి నేనుండను, నువ్వొచ్చి చూసుకో నాయనా" అని నవ్వాడు. ఈలోగా డ్రైవరు హారన్ కొట్టనే కొట్టాడు.