కాలవ గట్టు డ్రైవరు ఘాట్ రోడ్డెక్కితే

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా వైపు ఎత్తంటే కాలవ మీద వంతెనే. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దిగేటప్పుడు కారు న్యూట్రల్‌లో వదిలేయడం నా పాత అలవాటు. చుక్క పెట్రోలు మిగిలినా లాభమే కదా అని. ఒకపక్క కాలవ, ఇంకోపక్క చేను, ఎదురుగా కొబ్బరికాయల లారీ. అలాంటి గట్ల మీద పదిహేనేళ్ళు నడిపినవాణ్ణి, నాకు ఘాట్ రోడ్డొక లెక్కా అనుకున్నాను.

భద్రాచలం వెళ్దామని బావగారు, నేను గోకవరం, రంపచోడవరం మీదుగా బయల్దేరాం. మారేడుమిల్లిలో బొంగు చికెన్ వాసన ఊరించింది గానీ, రాముడి దర్శనానికి వెళ్తూ ఏం తింటాంలెమ్మని ఆగలేదు. ఎక్కడం బాగానే ఎక్కాం. చింతూరు వైపు దిగడంలోనే వచ్చింది తంటా. వాలు కనిపిస్తే చాలు న్యూట్రల్, మలుపు రాగానే బ్రేకు. పది మలుపులు తిరిగామో లేదో, గోనెసంచి కాలినట్టు వాసన. పెడల్ తొక్కితే మెత్తగా లోపలికి దిగిపోతోంది. బావగారు తలుపు పైన పిడి పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. హ్యాండ్‌బ్రేకు కొంచెం కొంచెం లాగుతూ కొండ వైపు మట్టిలోకి ఎలాగో ఆపాను. ముందు చక్రాల నుంచి పొగ.

సీసాలో నీళ్ళు చక్రం మీద పోయబోతుంటే, వెనకాల ఆగిన లారీ డ్రైవరు అరిచాడు. "పొయ్యకండి బాబూ! డిస్కు వంకర పోద్ది. అరగంట వదిలేయండి, అదే చల్లారద్ది." ఆ అరగంటలో బీడీ కాలుస్తూ పాఠం చెప్పాడు. ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాలట. బండిని ఇంజనే పట్టి ఉంచాలి, బ్రేకు మలుపు ముందు ఒక్కసారి గట్టిగా తొక్కి వదిలేయాలి. అదేపనిగా కాలు ఆనించి ఉంచితే బ్రేకు ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, అందుకే పెడల్ మెత్తబడింది. ఇరుకు చోట దిగేవాడే ఆగి, ఎక్కేవాడికి దారివ్వాలి. అది మర్యాదే కాదు, రూలు కూడా.

అక్కణ్ణుంచి సెకండు గేర్లో, మలుపు మలుపుకీ హారన్ కొట్టుకుంటూ చింతూరు చేరాం.

మా ఊరొచ్చాక మెకానిక్ బ్రేకు ఆయిల్ తీసి చూపించాడు, టీ డికాషన్ రంగులో ఉంది. రెండేళ్ళకోసారి మార్చాలట, అది గాల్లో తడి పీల్చుకుంటుందట. నేను బండి కొన్నాక ఒక్కసారీ మార్చలేదు. పైగా ఇంజెక్షన్ బళ్ళలో, అంటే పెట్రోలుని కంప్యూటరే కొలిచి వదిలే ఇప్పటి బళ్ళలో, గేర్లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు దానంతటదే ఆగిపోతుందట. న్యూట్రల్‌లోనే తాగుతుందట! ఇన్నేళ్ళూ నేను మిగిల్చిందేమిటో మరి.

ఇప్పుడు గౌతమి వంతెన కూడా థర్డు గేర్లో దిగుతున్నా. ఆ మోత భరించలేక మా ఆవిడ పాటల సౌండు పెంచుతోంది.