నా ఫోన్‌లో ఉన్న ఆమె నంబరు

"నా నంబరు ఎవరికిచ్చావే?" అని అడిగింది. గొంతులో కోపం లేదు, వణుకు ఉంది. "ఎవరికీ ఇవ్వలేదే, ఒట్టు" అన్నాను. నిజమే చెబుతున్నాననుకున్నాను.

ఒకడు పగలూ రాత్రీ ఫోన్లు చేసి వేధిస్తుంటే భరించలేక నంబరు మార్చుకుంది నా స్నేహితురాలు. కొత్తది నలుగురైదుగురికే ఇచ్చింది, అందులో నేనొకదాన్ని. ఒకరోజు ఏదో పని మీద ముక్కూ మొహం తెలియని ఒకాయనకు ఫోన్ చేస్తే, ఎత్తగానే ఆయన ఆమెను ముద్దుపేరుతో పలకరించాడట. ఆ పేరుతో పిలిచేది నేనొక్కదాన్నే. ఆయన ఫోన్ తెర మీద ఆ పేరు, పక్కనే 'కొత్త నంబర్' అన్న మాట. అచ్చం నేను సేవ్ చేసుకున్నట్టే.

సంగతేమిటో తేలేసరికి రాత్రి చాలా పొద్దుపోయింది. ఫోన్ చేసేవాళ్ల పేరు చూపించే యాప్ ఒకటి కొన్ని నెలల కిందట వేసుకున్నాను. కాంటాక్ట్స్ చూడనివ్వాలా అని అప్పుడొక చిన్న పెట్టె వచ్చింది. 'అలౌ' నొక్కేశాను. ఫోన్ నాదే కాబట్టి ఇష్టం కూడా నాదే అన్న ధీమా అది. 400 పైచిలుకు పేర్లు ఆ ఒక్క నొక్కుతో ఆ యాప్ కంపెనీ దగ్గరికి వెళ్లిపోయాయి. నేను రాసుకున్న పేరునే అది ఆయన తెర మీద చూపించింది. ఆ మనుషుల్లో ఒక్కరిని కూడా నేను అడగలేదు.

తర్వాత నా కాంటాక్ట్స్ లిస్టును మొదటి నుంచి చివరి దాకా చదివాను. గుర్తుండటానికి పేర్ల పక్కన నేను రాసుకున్న మాటలు చూస్తే గుండె ఝల్లుమంది. ఒకరి పక్కన 'విడాకుల లాయర్', ఇంకొకరి పక్కన 'డిప్రెషన్ డాక్టర్', ఒకాయన పక్కన 'అప్పు తీర్చాలి'. ఒక్క మెసేజ్ కూడా చదవక్కర్లేదు, ఈ లిస్టు చాలు, నా జీవితమూ నా వాళ్ల జీవితాలూ చెప్పెయ్యడానికి.

"నాకు దాచుకోవడానికేముంది?" అని నేనూ చాలాసార్లు అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా గురించే ఆలోచించాను. నా ఫోన్‌లో మాత్రం నేను ఒక్కదాన్నే లేను.

ఈ లెక్కను ప్రభుత్వాలు నాకంటే ముందే పట్టుకున్నాయి. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏకు కాంట్రాక్టు మీద పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ 2013లో బయటపెట్టిన పత్రాలతో, ఆ సంస్థ జనం ఫోన్ రికార్డులను మూటగట్టి పెట్టుకుంటోందని లోకానికి తెలిసింది. మాటలు కాదు, ఎవరు ఎవరికి ఎప్పుడు చేశారు, ఎంతసేపు అన్నది. అనుమానితుడి నుంచి మూడు అంచెల దాకా, అంటే అతను మాట్లాడినవాళ్లు, వాళ్లు మాట్లాడినవాళ్లు, మళ్లీ వాళ్లు మాట్లాడినవాళ్ల దాకా అప్పట్లో వెతికే వీలుండేది. ఒక్కొక్కరికి 400 మంది చొప్పున వేసి చూశాను. రెండో అంచెలో 1,60,000. మూడో అంచెలో 6.4 కోట్లు. ఒకే మనిషి మళ్లీ మళ్లీ వస్తాడు కాబట్టి నిజంగా అంత కాకపోవచ్చు, అయినా అనుమానం ఒక్కడి మీదే. 2014 జనవరిలో ఆ మూడు అంచెలను రెండుకు తగ్గించారు.

నాకు భయమేసేది ఇక్కడే. ఎవరితో మాట్లాడామన్నది ఎక్కడో నమోదవుతోందని తెలిస్తే మనిషి వెనకాడతాడు. ఆఫీసులో అన్యాయం చూసినవాడు విలేకరికి ఫోన్ చెయ్యడానికి జంకుతాడు. నిరసనకు వెళ్దామనుకున్న అమ్మాయి ఇంట్లోనే ఉండిపోతుంది. ఎవరూ ఏ చట్టంతోనూ నోరు నొక్కలేదు, అయినా నోరు పెగలదు. మనిషి సొంత జీవితంలో, ఇంట్లో, ఉత్తరాల్లో ఎవరూ ఇష్టమొచ్చినట్టు తలదూర్చకూడదని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 12వ అధికరణంలోనే రాసుకున్నారు. ఫోన్‌లోని పేర్ల పట్టిక ఆ ఉత్తరాల కంటే తక్కువదేమీ కాదు.

చట్టాలు లేవని కాదు. యూరప్‌లో 2018లో అమల్లోకి వచ్చిన జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కంపెనీలను గట్టిగానే నిలదీస్తుంది. కానీ పూర్తిగా సొంత అవసరాలకు పెట్టుకునే ఫోన్ బుక్ లాంటివి దాని పరిధిలోకి రావు. అంటే 'అలౌ' నొక్కేముందు నా స్నేహితురాలి గురించి ఆలోచించాల్సింది నేనే.

ఆ యాప్ తీసేశాను. తీసేస్తే అప్పటికే వెళ్లిన కాపీ వెనక్కి రాదని అప్పుడే తెలిసింది. నంబరు తొలగించమని ఆమే అడగాలట, తప్పు నాది, తిప్పలు ఆమెవి. ఇప్పుడు ఏ యాప్ అడిగినా కాంటాక్ట్స్ ఇవ్వడం లేదు, చాలావాటికి అవి అక్కర్లేదు కూడా. 2024లో ఐఫోన్లకు వచ్చిన ఐఓఎస్ 18 సాఫ్ట్‌వేర్‌లోనైతే మొత్తం లిస్టు కాకుండా మనం ఎంచుకున్న పేర్లే ఇవ్వొచ్చు. పేర్ల పక్కన రాసుకున్నవన్నీ ఒక ఆదివారం కూర్చుని చెరిపేశాను. జరిగింది చెప్పి, లాయర్‌కూ డాక్టర్‌కూ క్షమాపణ అడిగాను.

ఆమె మళ్లీ నంబరు మార్చుకుంది. అయినా నాకిచ్చింది. ఆమె ఒక్కో అంకే చెబుతుంటే ఫోన్‌లో కొట్టుకోలేదు, కాగితం మీద రాసుకున్నాను. రోజూ చూసి డయల్ చెయ్యడంతో ఇప్పుడు కాగితం అక్కర్లేకుండానే నోటికి వచ్చేసింది.