ఫ్రిజ్‌లో తిప్పతీగ సీసా

పదకొండు దాటింది. ఫ్రిజ్‌లో ఆ సీసా ఉందన్న సంగతే పడుకోనివ్వడం లేదు.

బావ పొద్దున్నే తెచ్చి పెట్టాడు, మావయ్యకని తిప్పతీగ రసం. మూత సరిగ్గా పట్టక కింద పెరుగు గిన్నె మీదంతా పచ్చటి చుక్కలు. "డాక్టరు చెప్పిందీ ఇమ్యూనిటీ మందే కదేటే? ఇదీ అదే. లక్షలు పొయ్యడం దేనికి?" అంటాడు.

ఒళ్లు మండిపోయింది. డాక్టరు చెప్పింది బలం మందు కాదు బావా అని ఎన్నిసార్లు చెప్పను? మావయ్య ఊపిరితిత్తిలోని క్యాన్సర్ గడ్డ పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ చూపించి, మీదికొచ్చిన టీ-కణాలను, అంటే ఒంటిని కాపాడే తెల్ల రక్తకణాలను, ఆపేస్తుంది. డాక్టరు రాసిన డుర్వాలుమాబ్ ఇంజెక్షను ఆ ప్రొటీన్‌ని మూసేస్తుంది. కరెంటు (రేడియేషన్) పెట్టినప్పుడు చచ్చిన గడ్డ కణాల ముక్కల్ని చూసే టీ-కణాలు గడ్డను గుర్తుపడతాయట. అందుకే కీమో, 30 కరెంటు సిట్టింగులూ అయ్యాక ఈ ఇంజెక్షను, నాలుగు వారాలకోసారి, ఏడాది పాటు. స్కాన్‌లో గడ్డ తగ్గిందన్నారు, అదొకటి.

కరెంటు అంటే నాకు అమ్మమ్మే. అడ్డపొగ తాగేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, నాగావళి ఒడ్డున బట్టలుతుకుతూ, చుట్ట తియ్యకుండానే మమ్మల్ని తిట్టేది. కాలదా అమ్మమ్మా అంటే నోరు తెరిచి చూపించేది. తెల్లబడ్డ అంగిలి, దానిమీద ఎర్రటి చుక్కలు. మాకదో వింత. క్యాన్సర్ పుండు కూడా అక్కడే పడింది. కరెంటు పెట్టాక చల్లటి గంజి కూడా మండుతోందని ఏడ్చేది. అప్పుడే ఈ ఇంజెక్షన్లుంటే బతికేదేమో అనుకుంటూ ఉండేదాన్ని. మొన్న డాక్టర్ని అడిగేశా. తల, మెడ క్యాన్సర్లలో ఆపరేషన్ లేకుండా కరెంటుతో పాటే ఇలాంటివి కలిపి చూసిన పెద్ద పరీక్షల్లో లాభం తేలలేదన్నాడు. ఊపిరితిత్తికి పనిచేసిందని నోటికీ పనిచేస్తుందని లేదన్నమాట.

మావయ్యలాంటి వాళ్ల లెక్క కూడా చెప్పాడు. అయిదేళ్లకి, ఇంజెక్షను తీసుకున్నవాళ్లలో నూటికి సుమారు 43 మంది బతికి ఉన్నారు, తీసుకోనివాళ్లలో 33 మంది. బావకి చెబితే "అంటే పది మందికేనా?" అన్నాడు. అరిచాను. ఇప్పుడు చూస్తే తీసివేత సరిగ్గానే చేశాడు. ఆరు వారాలు వైజాగ్‌లో గది తీసుకుని వండిపెట్టిందీ, అప్పు చేసిందీ తనే. నేను ఫోన్లో చదివానంతే.

అయినా ఇంజెక్షన్లు నడిచినన్నాళ్లూ పసర్లు వద్దన్నారు, లివర్‌కి ప్రమాదమట. సీసా సింకులో వంచేశా. బావ అడిగితే మావయ్య తాగేశాడంటా. మావయ్యా అదే చెప్తాడు, ఆ వాసన పడట్లేదని నిన్ననే గొణిగాడు.