రెండో డోసు వేయించుకోనా వద్దా అని మూడు నెలలు

2021 ఏప్రిల్ 8న ఖమ్మంలో కరోనా టీకా కోవిషీల్డ్ మొదటి డోసు వేయించుకున్నాను. నలభై అయిదు దాటినవాళ్లందరికీ ఆ నెల ఒకటో తారీఖు నుంచే మొదలుపెట్టారు, నాకప్పుడు నలభై ఏడు. రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చి మర్నాటికి తగ్గిపోయాయి. పన్నెండో రోజు పొద్దున కత్తెర పట్టుకుంటే వేళ్లు విచ్చుకోలేదు.

నేను టైలర్‌ని, ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర బరువుగా ఉంటుంది గానీ ఇరవై ఏళ్లుగా నా చేతికి ఆ బరువే తెలియదు. ఆ రోజు బొటనవేలు కన్నంలోకి దూరింది కానీ కత్తెర తెరవలేకపోయాను, రెండు చేతులతో లాగి తెరిచాను. వేళ్ల మొదళ్లు ఉబ్బి, పిడికిలి బిగిస్తే ఎముకలు కనబడకుండా పోయాయి. పదకొండు గంటలయ్యేసరికి కాస్త వదులయ్యాయి, మర్నాడు పొద్దున మళ్లీ అదే కథ.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. మా ఆయన యూరిక్ యాసిడ్ అన్నారు. మా అత్తమ్మకి 2006లో చికెన్‌గున్యా వచ్చి ఏడాది పాటు కీళ్లు పట్టేశాయి, ఆవిడ అదేనని తేల్చేసింది. మా వదిన మాత్రం ఫోన్లోనే "సూది వేయించుకున్నాకే కదా వచ్చింది, ఇంకా డాక్టరెందుకు చెప్పాలి?" అంది. నిజం చెప్పాలంటే నా మనసులో ఉన్నదీ అదే.

అప్పుడు సెకండ్ వేవ్. ఆసుపత్రుల్లో బెడ్లు దొరక్క జనం అల్లాడుతుంటే వేళ్ల నొప్పులని ఎవరి దగ్గరికి వెళ్తాం? దగ్గర్లో ఒక ఎముకల డాక్టరు చూసి మాత్రలు రాసి ఒక ఇంజెక్షన్ చేశారు. పది రోజులు స్వర్గంలా ఉంది, నా చేతులు నాకు తిరిగొచ్చాయనిపించింది. తర్వాత నొప్పి రెట్టింపై వచ్చింది. అది స్టెరాయిడ్ అని నాకు తర్వాతెప్పుడో తెలిసింది, అప్పుడు ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

మే 12న లాక్‌డౌన్ పెట్టారు. పొద్దున పది దాటితే బయటికి వెళ్లే పని లేదు, చేతిలో ఫోను, చేతుల్లో నొప్పి. టీకా వేసుకుంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ రెచ్చిపోయి సొంత కీళ్లనే తినేస్తుందని ఒక వీడియో, అదంతా అబద్ధమని ఇంకో వీడియో, రాత్రి రెండింటిదాకా చూసేదాన్ని. అంతలో కోవిషీల్డ్ రెండో డోసు గ్యాప్ పన్నెండు నుంచి పదహారు వారాలకి పెంచారు. అమ్మయ్య, జులై దాకా ఆలోచించుకోవచ్చు అనుకున్నాను. ఆలోచించుకోవడం అంటే భయపడుతూ కూర్చోవడమే.

జూన్‌లో లాక్‌డౌన్ ఎత్తేశాక మా అమ్మాయి హైదరాబాదులో కీళ్లవాతం డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. రుమటాలజిస్ట్ అనే డాక్టరు ఉంటారనే నాకు తెలియదు, కీళ్లంటే ఎముకల డాక్టరే అనుకున్నాను. ఆవిడ నా రెండు చేతులూ తీసుకుని, వేళ్ల మొదళ్లని రెండు పక్కల నుంచి మెల్లగా నొక్కారు. ప్రాణం పోయినంత పనైంది. వేళ్ల చివరి కణుపులు మాత్రం నొప్పి లేవు. పొద్దున ఎంతసేపు బిగుసుకుంటున్నాయని అడిగి, రక్త పరీక్షలు రాశారు.

రిపోర్టులో ఒంట్లో వాపుని చూపే ఈఎస్ఆర్ 68, సీఆర్పీ 31, రెండూ ఎక్కువే. సొంత ఒంటి మీదే పుట్టే యాంటీబాడీల పరీక్షలు రెండు, ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్, యాంటీ సీసీపీ 200 పైన. ఆ చివరిది మామూలుగా ఇరవై లోపు ఉండాలట. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు, సొంత రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే కీళ్లవాతం.

నేను అడగాలనుకున్నది ఒక్కటే. "మేడమ్, ఇది టీకా వల్లే వచ్చిందా?"

ఆవిడ నవ్వలేదు, కొట్టిపారేయలేదు. "నీ ఒక్కదాని విషయంలో అవునని గానీ కాదని గానీ ఒట్టేసి చెప్పలేనమ్మా" అన్నారు. "కానీ ఈ సీసీపీ యాంటీబాడీలు కీళ్లు వాచడానికి కొన్నేళ్ల ముందే రక్తంలో ఉండొచ్చు. ఇంత ఎక్కువగా ఉన్నాయంటే రెండు నెలల కిందట పుట్టినట్టు నాకనిపించట్లేదు. సూదికి ముందు చేతులు అసలేం ఇబ్బంది పెట్టలేదా?"

"అసలేం లేదు మేడమ్" అన్నాను గట్టిగా.

ఆ మాట ఇంటికొచ్చాక తప్పని తేలింది. మా అమ్మాయి, ఎప్పుడూ నా లెక్కల మీద పడి ఉండేదే, నా ఆర్డర్ల నోటుబుక్కు తీసింది. ఎవరి జాకెట్టు, కొలత, అడ్వాన్సు ఎంత, అన్నీ అందులోనే రాస్తాను. 2020 దసరాకి నా రాతే ముత్యాల్లా ఉంది. 2021 సంక్రాంతి సీజన్లో పేజీ పేజీకీ ఒక కొత్త ఖర్చు. "హుక్కులు, చేతికుట్టు - పక్కింటి అమ్మాయికి 120", మళ్లీ 80, మళ్లీ 150. చేతికుట్టు సూది సన్నగా ఉంటుంది కదా, పట్టుకోలేక ఇచ్చేశాను. ఆ సీజన్లో పని ఎక్కువై ఇచ్చానని నాకు నేనే చెప్పుకున్నాను. ఫిబ్రవరిలో పని తగ్గింది, హుక్కులు మాత్రం ఆ పిల్లకే వెళ్లాయి. మార్చిలో ఒక పేజీ మూల "బొటనవేలు, జండూబామ్ 40" అని నా చేత్తో రాసి ఉంది. సూదికి నెల ముందు! నా చేతిరాతే నా మాట అబద్ధమంది.

అలాగని టీకాకి ఏ పాపమూ లేదని రాయడం నా ఉద్దేశం కాదు. తర్వాతిసారి వెళ్లినప్పుడు డాక్టరుగారు చాలాసేపు చెప్పారు. 1976లో అమెరికాలో స్వైన్ ఫ్లూ టీకా వేసినప్పుడు లక్షమందికి ఒకరి చొప్పున అదనంగా గియాన్ బరే వచ్చిందట, నరాల మీద సొంత రక్షణ వ్యవస్థే దాడి చేసే జబ్బు అది, దాంతో ఆ కార్యక్రమమే ఆపేశారు. 2009 స్వైన్ ఫ్లూ అప్పుడు ఫిన్లాండ్, స్వీడన్‌లలో ఒక టీకా తర్వాత పిల్లల్లో అతినిద్ర జబ్బు కనబడింది. మన కోవిషీల్డ్, అంటే విదేశాల్లో ఆస్ట్రాజెనెకా, అది వేసుకున్నవాళ్లలో చాలా అరుదుగా ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం గడ్డకట్టడం 2021లోనే బయటపడింది, అదీ సొంత ప్రొటీన్ మీద యాంటీబాడీలు పుట్టడం వల్లే. ఇవన్నీ ఎలా బయటపడ్డాయంటే మామూలుగా రావాల్సినదానికన్నా ఎక్కువమందికి, సూది తర్వాత కొన్ని రోజుల్లోనో వారాల్లోనో నెలల్లోనో వచ్చాయి కాబట్టి. రుమటాయిడ్ విషయంలో అలా తేటగా పెరిగినట్టు తేలలేదన్నారు. వెయ్యిమందిలో అయిదు నుంచి పదిమందికి ఉండే జబ్బు ఇది, మగవాళ్లకన్నా ఆడవాళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువ, ఎక్కువగా నా వయసులోనే. నెలలో కోట్లమందికి సూది వేస్తుంటే, ఆ నెల ఎలాగూ మొదలయ్యే వాళ్లకి కూడా అది సూది తర్వాతే మొదలవుతుంది.

"ఉన్నదాన్ని కాస్త రేపి ఉండొచ్చా?" అన్నాను. "ఉండొచ్చు, కాదనలేను" అన్నారు. ఆ ఒక్క మాటకే నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

మందు మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారి. రోజూ కాదు, వారానికి! నేను మంగళవారం పెట్టుకున్నాను, క్యాలెండరు మీద ఎర్రగా చుట్టాను. పొరపాటున రోజూ మింగితే నోరంతా పుండ్లై, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుందని మందుల షాపులో కూడా రెండుసార్లు చెప్పారు. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్, మధ్య మధ్యలో లివర్ టెస్టు, రక్త పరీక్ష.

రెండో డోసు జులై 27న వేయించుకున్నాను. కరోనా వస్తే కీళ్లు ఇంకా రేగే అవకాశం కూడా ఉంది, పైగా నేను వేసుకునేది రక్షణ శక్తిని తగ్గించే మందు, టీకా వదిలేస్తే ఎక్కువ ప్రమాదం అన్నారు. ఆ వారం మెథోట్రెక్సేట్ మానెయ్యమన్నారు, టీకా బాగా పనిచేయడానికట. ఇది ఆవిడ నాకు చెప్పింది, మీ మాత్ర మీరు సొంతంగా మానకండి. క్యూలో నిలబడ్డప్పుడు కాళ్లు వణికాయి. మూడోరోజు వేళ్లు వాచాయి కూడా. రాత్రంతా ఏడ్చాను. అయిదోరోజుకి తగ్గింది, మళ్లీ పాత స్థాయికి వచ్చింది, అంతకన్నా పెరగలేదు.

అంతకుముందే మొదటి డోసు వేసిన చోటికి వెళ్లి ఇలా అయిందని రాసుకోమంటే "కీళ్లనొప్పులు రాసుకోం అమ్మా" అని పంపేశారు. అది తప్పు. టీకా వల్లో కాదో తేల్చడం వాళ్లూ నేనూ చేసే పని కాదు, తర్వాత వచ్చిందని రాసుకుంటే చాలు. అమ్మాయి 1800 180 3024కి ఫోన్ చేసింది, మందుల దుష్ఫలితాలు నమోదు చేసే ప్రభుత్వ నంబరు అది. సర్టిఫికెట్ మీద బ్యాచ్ నంబరు ఉంటుంది కాబట్టి అది చూసి చెప్పాం. నోటుబుక్కు సంగతి కూడా చెప్పమన్నాను, మార్చిలో జండూబామ్‌తో సహా.

వదిన ఇప్పటికీ సూది వల్లే అంటుంది. నేను వాదించను, ఆవిడ నా నోటుబుక్కు చూడలేదు. కత్తెర మాత్రం మార్చాను, తేలిగ్గా ఉండేది కొన్నాను. హుక్కులు ఇంకా పక్కింటి అమ్మాయే కుడుతోంది, ఈ దసరాకి రేటు పెంచింది.