ఉప్మా మాడిన శనివారం

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో టెక్సాస్ 14-7తో ఓడిపోయి గంటయింది. మా రూమ్‌లో గొడవ మాత్రం ఆగలేదు. ప్రీసీజన్ ర్యాంకుల్లో నంబర్ వన్ టీమ్, కొలంబస్ వెళ్లి ఓహాయో స్టేట్ చేతిలో బోల్తా పడింది. టెక్సాస్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) ఆర్చ్ మానింగ్, పేరుమోసిన మానింగ్ ఫుట్‌బాల్ కుటుంబం వాడు, 30 పాస్‌లు వేస్తే 17 అందాయి, ఒకటి ఇంటర్‌సెప్షన్, అంటే అవతలి జట్టు చేతికి చిక్కింది.

"ఇంటిపేరు తప్ప ఏముందిరా, బెంచ్ మీద కూర్చోబెట్టాలి" అన్నాడు మావాడు. 2018 జనవరి ఫైనల్లో అలబామా హాఫ్‌టైమ్‌కి తన క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌ను తప్పించే గెలిచిందట. నిజమే. అదే హర్ట్స్ ఆ డిసెంబర్‌లో బెంచ్ మీంచి లేచొచ్చి జార్జియా మీద గెలిపించాడు, అది గుర్తులేదు వీడికి!

నాకు ఈ ఆట అర్థమైంది రెండేళ్ల కిందటే అనుకోండి. అయినా సీజన్ మొదటి మ్యాచ్‌కే ఇంత తిట్టాలా?

ఈలోపు స్టవ్ మీద ఉప్మా మాడింది. గిన్నె ఎవరు తోమాలో ఇంకా తేలలేదు.