నీలం చార

"నీ జీవితానికి అర్థం ఏమిటి?" అని మా అమ్మాయికి బడిలో వ్యాసం ఇచ్చారు. 650 మాటలు దాటకూడదట. "ఆలోచించడానికేముంది, తాత గురించి రాయి" అన్నాను. వరంగల్ కొత్తవాడ, గుంట మగ్గం, అక్కడి దరీలకు 2018లో వచ్చిన భౌగోళిక గుర్తింపు, అన్నీ ఏకరువు పెట్టాను. "పనిలోనే దేవుణ్ణి చూసిన మనిషి" అన్న ముగింపు కూడా నాదే.

"రాయను. నువ్వెప్పుడైనా ఆ మగ్గం మీద కూర్చున్నావా?" అంది.

కూర్చోలేదు. బాపు పిలిచినప్పుడల్లా ఎంసెట్ పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. హాస్టల్లో నాన్నగారేం చేస్తారని అడిగితే "వ్యాపారం" అన్నాను. ఇప్పుడేమో ఆయన నేసిన దరీ మా హాల్లో గోడకెక్కింది. కొత్తవాడలో దాని మీదే కూర్చుని అన్నం తినేవాళ్ళం. ఇక్కడ పిల్లల్ని చెయ్యి కూడా వేయనివ్వను. అందులో ఒక నీలం చార మిగతా వాటికన్నా రెండు వేళ్ళు సన్నం. మనిషి పనిలో ఎక్కడో ఒక లోపం ఉండాలని బాపు కావాలనే అలా నేశాడని వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. ఎక్కడో చదివిన మాట అది, బాపుకు అంటగట్టాను.

పంతం కొద్దీ అమ్మాయి ముందే ఫోను చేశాను.

"బాపూ, మగ్గం మీద కూర్చుంటే మనసుకెలా ఉండేది?"

"నడుము నొప్పిగా ఉండేది."

"మరి అన్నేళ్ళు ఎందుకు చేశావు?"

"ఇంకో పని ఎవరిచ్చారు బిడ్డా?"

నీలం చార సంగతీ అడిగాను. నూలు అయిపోయిందట. అమ్మాయి పడీ పడీ నవ్వింది. ఫోను లాక్కుని, వచ్చీరాని తెలుగులో "తాతా, మరి నీకు ఏది ఇష్టం?" అంది.

అంతే, అరగంట ఆగలేదు ఆయన. వయసులో ఉన్నప్పుడు చిరుతల రామాయణంలో లక్ష్మణుడి వేషం కట్టేవాడట. పగలంతా నేసి, రాత్రంతా చేతుల్లో తాళం వేసే చెక్క చిరుతలు పట్టుకుని ఆడి, మూర్ఛపోయే ఘట్టంలో ఒకసారి నిజంగానే నిద్రపోయాడట. ఆయన కూతుర్ని, నాకీ ముక్క తెలియదు. నేనెప్పుడూ అడగలేదు.

పిల్లలకు మన వేర్లు తెలియాలని ఇక్కడ ఎందరికో సలహాలిచ్చినదాన్ని. అయినా బుద్ధి పోనిచ్చుకోలేదు. "వేషాల కన్నా మగ్గమే గంభీరంగా ఉంటుందేమో" అన్నాను. నా వైపు చూసి తలుపు వేసుకుంది.

వ్యాసం ఇచ్చేసింది, నాకు చూపించలేదు. మధ్యలో ఒక్కసారి మాత్రం బయటికొచ్చి, చిరుతలను ఇంగ్లిషులో ఏమంటారని అడిగింది. నాకు తెలియలేదు.